‘ఎర్క లేదు’ అనే హక్కు: ఇంగ్లీషు చదువు, మెటాకాగ్నిషన్, కులం

హైస్కూలు పిల్లలకు ఇంగ్లీషు ఎందుకు రావడం లేదు? ఈ ప్రశ్నకు ఒకప్పుడు జవాబు సూటిగానే చెప్పేవాళ్లు. వాళ్ల ఇళ్లల్లో చదువు లేదు, వాళ్ల బుర్రల్లో గుజ్జు లేదు అనేవాళ్లు. ఇప్పుడు అలా అంటే బాగుండదు. అందుకని ఎడ్యుకేషన్ డిపార్టుమెంట్లలో ఒక మర్యాదైన మాట వాడుకలోకి వచ్చింది. పిల్లల్లో ‘మెటాకాగ్నిటివ్ స్ట్రాటజీలు’ తక్కువ, అందుకే ఇంగ్లీషులో ‘అచీవ్‌మెంట్’ తక్కువ అని. ఎం.ఎడ్. డిజర్టేషన్లలోనూ, పీహెచ్.డి. థీసిస్‌లలోనూ చివరి అధ్యాయంలో ఈ మాట తరచుగా కనబడుతుంది.

ఆ మాట పూర్తిగా అబద్ధం కాదు. అబద్ధమైతే కొట్టిపారేసి ఊరుకోవచ్చు. సగం నిజం కాబట్టే దాన్ని జాగ్రత్తగా విప్పి చూడాలి. ఆ సగం మన పిల్లలకు పనికొస్తుంది. మిగతా సగం మన పిల్లల నెత్తిన కొత్త నేరం మోపుతుంది. ఏది ఏదో తేల్చుకోకపోతే, మెరిట్ అనే పాత కత్తికే కొత్త పిడి వేసినట్టవుతుంది.

మాట ఎక్కడిది?

ఈ భావనకు పేరు పెట్టినవాడు జాన్ ఫ్లావెల్ అనే అమెరికన్ మనస్తత్వవేత్త. 1970లలో పేరు పెట్టి, 1979లో రాసిన వ్యాసంలో వివరంగా చర్చించాడు. మనిషి ఆలోచించడమే కాదు, తన ఆలోచన మీద ఒక కన్నేసి కూడా ఉంచుతాడు. ఈ పాఠం నాకు అర్థమైందా? ఎక్కడ ఆగిపోయాను? ఆగినచోట ఏం చెయ్యాలి? ముందు అనుకోవడం, చేస్తూ కనిపెట్టుకోవడం, చేశాక సరిచూసుకోవడం - స్థూలంగా ఈ మూడు పనులు. తెలంగాణలో ‘తెలుసు’ అనడానికి ‘ఎర్క’ అంటాం. ఆ లెక్కన మెటాకాగ్నిషన్ అంటే నాకు ఎర్కనా, ఎర్క లేదా అన్న ఎర్క.

పేరు అమెరికాది కావచ్చు. పని మాత్రం మన వాడల్లో ఎవరికీ కొత్త కాదు. డప్పు కొట్టేవాళ్లను చూడండి. డప్పును మంట మీద కాస్తారు, వేలితో కొట్టి చెవి పెట్టి వింటారు, మోత సరిగా లేకపోతే మళ్లీ కాస్తారు, ఎక్కువ కాగితే తోలు పాడవుతుందని సమయానికి తీస్తారు. అనుకోవడం, కనిపెట్టుకోవడం, సరిచూసుకోవడం మూడూ అందులో ఉన్నాయి. చెప్పు కుట్టే చేతిలో ఉన్నాయి, నాటు వేసే చేతిలో ఉన్నాయి. ఉత్పత్తి కులాలు తమ పని మీద తాము కన్నేసి ఉంచకపోతే ఒక్క పూట గడవదు. కాబట్టి మన పిల్లల్లో ఈ సామర్థ్యమే లేదు అనే మాట మొదటి మెట్టులోనే చెల్లదు.

అలాగని డప్పు తెలిసినంత మాత్రాన ఇంగ్లీషు రాదు. ఒక పనిలో ఉన్న ఎరుక ఇంకో పనిలోకి తనంత తాను నడిచిపోదు. దాన్ని దాటించే వంతెన బడి కట్టాలి. ప్రశ్న ఇక్కడ మొదలవుతుంది. బడి ఆ వంతెన కట్టిందా? కట్టలేదా? కట్టకుండానే దాటలేదని పిల్లలకు మార్కులు కోసిందా?

తొమ్మిది వాక్యాల్లో ఎవరి ఇల్లు ఉంది?

ఇంగ్లీషు నేర్చుకోవడంలో ఈ వ్యూహాల చర్చకు 1990లో వచ్చిన రెండు పుస్తకాలు పునాది. ఒకటి ఓమాలీ, షామో ఇద్దరూ కలిసి రాసింది. రెండోది రెబెకా ఆక్స్‌ఫర్డ్ రాసింది. ఆక్స్‌ఫర్డ్ తయారుచేసిన ప్రశ్నావళి మన దగ్గరి పరిశోధకులకు బాగా అచ్చొచ్చిన పనిముట్టు. ఇంగ్లీషును పరాయి భాషగా నేర్చుకునేవాళ్ల కోసం చేసిన రూపంలో 50 వాక్యాలుంటాయి. ప్రతి వాక్యానికీ ‘నేను ఎప్పుడూ ఇలా చెయ్యను’ నుంచి ‘ఎప్పుడూ ఇలాగే చేస్తాను’ దాకా 1 నుంచి 5 వరకు అంకె వెయ్యాలి. అందులో మెటాకాగ్నిషన్‌వి తొమ్మిది.

ఆ తొమ్మిదింటి సారం చూద్దాం. ఇంగ్లీషు చదువుకు టైము కేటాయించుకుంటావా? ఇంగ్లీషులో మాట్లాడటానికి మనుషుల కోసం వెతుకుతావా? ఇంగ్లీషు చదివే అవకాశాల కోసం చూస్తావా? నీ తప్పులు నువ్వు గమనించుకుంటావా? పైకి చూస్తే ఇవన్నీ పిల్ల తలలో ఏం జరుగుతోందని అడిగే ప్రశ్నలే. లోపలికి చూస్తే కొన్ని తలను కాదు, ఇంటిని అడుగుతున్నాయి. టైము కేటాయించుకోవాలంటే ముందు టైము మనదై ఉండాలి. మాట్లాడే మనిషి కోసం వెతకాలంటే వాడలోనో, చుట్టాల్లోనో అలాంటి మనిషి ఉండాలి. చదవడానికి అవకాశం చూసుకోవాలంటే ఇంట్లో పాఠ్యపుస్తకం కాని ఇంకో కాగితం ఉండాలి.

పీహెచ్.డి. పని మీద ఒక జిల్లా పరిషత్ హైస్కూల్లో ఈ ప్రశ్నావళి తెలుగు చేసుకుని తొమ్మిదో తరగతికి పంచాను. టైము గురించిన వాక్యం దగ్గర ఒక మాదిగవాడ పిల్ల లేచి అడిగింది: ‘‘సార్, టైమంటే ఏ టైము? అమ్మ పత్తి ఏర పోయినంక ఇంట్ల పనంత నేనే చేస్త. గది అయినంక మిగిలిందా?’’ నా దగ్గర జవాబు లేదు. నీకు ఏది అనిపిస్తే అది వెయ్యమ్మా అన్నాను. ఆ పిల్ల 1 వేసింది. తర్వాత మాటల్లో తెలిసింది. గిన్నెలు తోముతూ స్పెల్లింగులు నోట్లో అనుకుంటుందట. గుర్తురాని మాటకు వెనక గోడ మీద సుద్దముక్కతో ఒక గీత పెడుతుందట. గీతలు ఎక్కువ పడిన మాటల్ని మర్నాడు బడిలో ముందు చూసుకుంటుందట. ఫ్లావెల్ చెప్పిన కనిపెట్టుకోవడం ఇంతకంటే ఏముంటుంది? నా కాగితం మీద మాత్రం ఆమె స్కోరు 1. అంటే ఆ కాగితం ఆమె దగ్గర ఏం లేదో కొలిచింది, ఏం ఉందో కొలవలేదు. తప్పు ఆమెది కాదు. కొలబద్దది, దాన్ని ఆలోచించకుండా పట్టుకెళ్లిన నాది.

ఇలాంటి అంకెల్ని వందల్లో పోగేసి, పరీక్ష మార్కులతో సహసంబంధం కడతాం. మెటాకాగ్నిషన్ పెరిగితే మార్కులు పెరుగుతున్నాయి అని తేలుతుంది. తేలక ఏం చేస్తుంది? ఆ రెండింటి వెనకా ఉన్నది ఒకే ఇల్లు. టైమూ, పుస్తకాలూ, ఇంగ్లీషు మాట్లాడే మేనమామా ఉన్న ఇల్లు స్ట్రాటజీల స్కోరునీ పెంచుతుంది, మార్కుల్నీ పెంచుతుంది. ఫ్రాన్స్‌లో పియర్ బూర్ద్యూ దీన్నే సాంస్కృతిక పెట్టుబడి అన్నాడు. మన దేశంలో ఆ పెట్టుబడి తరతరాలుగా ఎవరి ఖాతాలో జమ అయిందో వేరే చెప్పనక్కర్లేదు. థీసిస్‌లో లింగం, ప్రాంతం, మీడియం, ప్రభుత్వ బడా ప్రైవేటు బడా అని పట్టికలుంటాయి. కులం ఉంటే ‘కమ్యూనిటీ’ అని ఒక గడిలో ఉంటుంది. ఎస్సీ పిల్లల సగటు తక్కువ అని రాసి, ‘వీరికి శిక్షణ అవసరం’ అని సిఫారసు చేసి ముగిస్తారు. కులం అక్కడ ఒక లక్షణం, పుట్టుమచ్చ లాంటిది. తరగతి గదిలో రోజూ జరిగే పని కాదు.

తలలో రెండో కాపలా

ఆ రోజూ జరిగే పని ఏమిటి? అంబేడ్కర్ చిన్నప్పుడు సతారా బడిలో విడిగా గోనె పట్టా మీద కూర్చున్నాడు. దాహమైతే కుళాయి తాను తిప్పకూడదు, ప్యూను తిప్పాలి. ఆ పిల్లవాడు పాఠం వింటూనే ఇంకో లెక్క కూడా చూసుకోవాలి. ఎక్కడ కూర్చున్నాను, దేన్ని తాకుతున్నాను, ప్యూను ఉన్నాడా లేడా అని. అంటే ఆ తలలో రెండు కాపలాలు. ఒకటి పాఠం మీద, ఇంకోటి కులం మీద. ఇవాళ గోనె పట్టా కనిపించకపోవచ్చు. కానీ పేరు పిలిచేటప్పుడు, స్కాలర్‌షిప్ ఫారాలు ఇచ్చేటప్పుడు, మధ్యాహ్న భోజనం వరుసలో, ఇంగ్లీషు పేరా పైకి చదవమన్నప్పుడు ఆ రెండో కాపలా లేచి కూర్చుంటుంది.

ఇది కేవలం బాధ చెప్పుకోవడం కాదు, దీనికి ప్రయోగ సాక్ష్యం ఉంది. కార్లా హాఫ్, ప్రియాంకా పాండే ఉత్తరప్రదేశ్‌లో ఆరు, ఏడు తరగతుల మగపిల్లలతో చేసిన ప్రయోగం 2006లో అచ్చయింది. 321 మంది పై కులాల పిల్లలు, 321 మంది కింది కులాల పిల్లలు. కాగితం మీద చిక్కుదారుల పజిళ్లు పూర్తి చెయ్యాలి. కులం బయటపెట్టనప్పుడు రెండు గుంపుల మధ్య చెప్పుకోదగ్గ తేడా లేదు. అందరి ముందు పేరూ, తండ్రి తాతల పేర్లూ, కులమూ చదివి వినిపించాక కింది కులం పిల్లల పనితనం పడిపోయింది. అవే తలలు, అవే పజిళ్లు. మారింది గది.

ఈ ప్రయోగాన్ని మెటాకాగ్నిషన్ చర్చ పక్కన పెట్టి చూడండి. ‘ఈ పిల్లకు తన చదువు మీద తనకు పర్యవేక్షణ తక్కువ’ అని రాసే ముందు, ఆ పర్యవేక్షణలో ఎంత భాగాన్ని కులం లాగేసుకుంటోందో అడగాలి. మన పిల్లలకు తమ మీద తమకు కాపలా తక్కువ కాదు, ఎక్కువ. అది పాఠం వైపు తిరగడానికి తీరిక లేదు, అంతే.

ఎస్, సమ్‌వాట్, నో

ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2011 నాటి పాఠ్యప్రణాళిక చట్రం తర్వాత తయారైన ఇంగ్లీషు పాఠ్యపుస్తకాల్లో ఒక మంచి పని చేశారు. చదివే పాఠం తర్వాత ఒక చిన్న పట్టిక పెట్టారు. ఎంత బాగా చదివావో నువ్వే చెప్పు అని దాని ఉద్దేశం. పాఠం నచ్చిందా, సొంతంగా అర్థమైందా, గుంపులో స్నేహితుల సాయంతో అర్థమైందా, టీచరు చెబితే అర్థమైందా, చివర ఇచ్చిన పదాల అర్థాలు వాడుకున్నావా అని వరుసలు. ఎదురుగా ఎస్, సమ్‌వాట్, నో అని గడులు. సర్కారు బడి పిల్ల చేతికి మెటాకాగ్నిషన్ నేరుగా అందింది ఈ పట్టిక రూపంలోనే. రాసినవాళ్లను మెచ్చుకోవాలి.

కానీ ఆ పట్టిక బడిలోకి వచ్చాక ఏమైంది? నేను చూసిన పుస్తకాల్లో చాలావాటిలో గడులు ఖాళీ. నిండిన చోట్ల పైనుంచి కింది దాకా ఎస్. సొంతంగా అర్థమైంది ఎస్, టీచరు చెబితేనే అర్థమైంది కూడా ఎస్! పిల్లలకు తెలివి లేక ఇలా నింపారనుకుంటే పొరపాటు. ‘నో’ అని పెట్టినవాణ్ణి నిలబెట్టి, ఇన్నాళ్లూ ఏం చేస్తున్నావురా, గాడిదలు కాస్తున్నావా అని అడిగే గది అది. నో పెట్టిన మొదటి పిల్లకు ఏం జరిగిందో మిగతా నలభై మంది చూస్తారు. రెండో పాఠం నుంచి అందరిదీ ఎస్. తమ పరిస్థితిని ఎంత బాగా అంచనా వేసుకున్నారో చూడండి! అది కూడా వ్యూహమే. పాఠం నేర్చుకునే వ్యూహం కాదు, దెబ్బ తప్పించుకునే వ్యూహం.

అసలు సంగతి ఇక్కడుంది. మెటాకాగ్నిషన్‌కు ప్రాణం ‘అర్థం కాలేదు’ అన్న మాటలో ఉంది. ఆ మాట అనడానికి అందరికీ ఒకే ధర పడదు. వకీలు కొడుకు ‘టీచర్, నాకు అర్థం కాలేదు’ అంటే ఆసక్తి గల పిల్లవాడు అంటారు. మాలపల్లి పిల్ల అదే మాట అంటే, అంతేలే, వీళ్లకి ఇంతకంటే ఏం వస్తుంది అనుకుంటారు. కొందరు పైకే అంటారు. రిజర్వేషన్ ఉందిగా, నీకెందుకమ్మా ఇంగ్లీషు అని వెటకారం చేసేవాళ్లు స్టాఫ్ రూముల్లో ఇంకా ఉన్నారు. ఒకరికి ప్రశ్నగా వినిపించేది ఇంకొకరికి ఒప్పుకోలు అవుతుంది. ఒప్పుకుంటే ఆమె ఒక్కతే కాదు, ఆమె కులమంతా ఓడినట్టు లెక్క. అలాంటప్పుడు ఏ పిల్ల నోరు విప్పుతుంది?

బట్టీ ఎవరి విద్య?

సర్కారు బడి పిల్లలు బట్టీ పడతారని, బట్టీ మెటాకాగ్నిషన్‌కు శత్రువని వ్యాసాలు రాస్తారు. బట్టీ పట్టడం మంచిదని నేనూ అనను. కానీ వల్లె వెయ్యడాన్ని పవిత్ర విద్యగా వేల ఏళ్లు నిలబెట్టింది ఎవరు? అర్థం అడగకుండా అక్షరం తప్పకుండా అప్పజెప్పడమే పాండిత్యమని, విన్నవాడి చెవిలో సీసం పొయ్యాలని శాసించింది ఎవరు? మన పిల్లలు బట్టీ పడుతున్నారంటే అది సోమరితనం కాదు, లెక్క. తప్పు రాస్తే పోయేది ఏమిటో వాళ్లకు తెలుసు. ఒక్కసారి ఫెయిలైతే ఆడపిల్లకు పెళ్లి, మగపిల్లవాడికి మేస్త్రీ పని. సొంత వాక్యం రాసి తప్పు చేసే విలాసం అందరికీ ఉండదు. గైడులోని వాక్యం తప్పు పోదు. పరీక్ష ఆ వాక్యానికే మార్కులిస్తుంది. ఆ మార్కుల్నే పరిశోధకుడు ‘అచీవ్‌మెంట్’ అని రాసుకుంటాడు.

మీడియం మారింది, గది మారలేదు

ఇంగ్లీషు మన పిల్లలకు కావాలి. ఈ విషయంలో నాకు ఊగిసలాట లేదు. 2019 నవంబర్‌లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం జి.ఓ. 81తో సర్కారు బడుల్ని ఇంగ్లీషు మీడియంలోకి మారుస్తామన్నప్పుడు తెలుగు తల్లి గుర్తొచ్చినవాళ్లలో ఎక్కువమంది పిల్లలు అప్పటికే కాన్వెంటుల్లో చదువుతున్నారు. 2020 ఏప్రిల్‌లో హైకోర్టు దాన్ని కొట్టేసింది. తెలంగాణ 2022-23 నుంచి సర్కారు బడుల్లో ఒకటి నుంచి ఎనిమిది దాకా ఇంగ్లీషు మీడియం మొదలుపెట్టింది. మన ఇళ్లల్లో ఈ మార్పును అడ్డుకున్నవాళ్లు తక్కువ, ఆశపడ్డవాళ్లు ఎక్కువ. ఆ ఆశ న్యాయమైనది.

కానీ మీడియం మారినంత మాత్రాన గది మారదు. తెలుగులోనే ‘అర్థం కాలేదు’ అనలేని పిల్ల ఇంగ్లీషులో ఎట్లా అంటుంది? ఇంకా దారుణం ఏమిటంటే, ఇంగ్లీషు మీడియంలో అర్థం కాకపోవడం మామూలైపోతుంది. అర్థం కాకపోవడం ఎక్కడ మొదలైందో పిల్లకే గుర్తు తెలియకుండా పోతుంది. పాఠమంతా మబ్బు కమ్మినట్టుంటే, ఏ మాట దగ్గర ఆగానని ఎట్లా చెప్పాలి?

ఈ మార్పుతో వచ్చిన ఒక మంచి పనిముట్టును మనం సరిగ్గా పట్టించుకోలేదు. లెక్కలు, సైన్సు, సోషల్ పుస్తకాలు రెండు భాషల్లో అచ్చువేశారు. ఒక పేజీ ఇంగ్లీషు, ఎదురు పేజీ తెలుగు. ఇది కేవలం తర్జుమా కాదు. ఇంగ్లీషు పేరా చదివి, ఏం అర్థమైందో తనలో తాను అనుకుని, ఎదురు పేజీ చూసి సరిచూసుకోవచ్చు. తప్పయితే తిట్టేవాళ్లు లేరు. సిగ్గు లేదు. మన పిల్లకు సరిచూసుకునే చోటు దొరికింది. అలా వాడటం నేర్పినచోట తెలుగు ఇంగ్లీషుకు అడ్డం రాదు, నిచ్చెన అవుతుంది. నేర్పనిచోట పిల్లలు తెలుగు పేజీ చదివి, ఇంగ్లీషు పేజీ బట్టీ పడతారు.

పారెయ్యకూడదు

మన ఉద్యమ మిత్రులు కొందరు ఈ మెటాకాగ్నిషన్ అంతా మనస్తత్వశాస్త్రం పేరుతో బాధితుల్ని నిందించడమే, దీన్ని అవతల పారెయ్యండి అంటారు. కోపం అర్థమవుతుంది గానీ ఒప్పుకోను. చదువుకున్న తల్లి రోజూ సాయంత్రం కొడుకును అడుగుతుంది: ఏ లెక్క రాలేదు నాన్నా, ఎక్కడ ఆగావు, ఇంకో రకంగా చేసి చూశావా? ఆమె నేర్పేది లెక్క కాదు, ఎరుక. ఇది వాళ్ల ఇంటి ట్యూషన్. దీన్ని మనం పారేస్తే వాళ్ల దగ్గర అలాగే ఉంటుంది, మన దగ్గర లేకుండా పోతుంది.

నేర్పితే వస్తుందనడానికి సాక్ష్యం ఉంది. 1984లో పాలింక్సర్, బ్రౌన్ అనే ఇద్దరు అమెరికా పరిశోధకులు చదివింది సరిగా అర్థం కాని ఏడో తరగతి పిల్లలతో పనిచేశారు. చిన్న గుంపుల్లో పిల్లలే వంతులవారీగా టీచరు స్థానం తీసుకుని నాలుగు పనులు చేస్తారు. చదివినదాని సారం చెప్పడం, ప్రశ్న వెయ్యడం, అర్థంకాని చోటు తేల్చుకోవడం, తర్వాత ఏం వస్తుందో ఊహించడం. చదువు అర్థం చేసుకోవడం బాగా మెరుగైంది. ఇందులో ఖరీదైన వస్తువేదీ లేదు. కానీ ఇక్కడ కూడా మన ప్రశ్న మనం అడగాలి. వంతు ఎవరికి వస్తుంది? మాదిగ పిల్ల టీచరు స్థానంలో కూర్చుని ప్రశ్న వేస్తే రెడ్డి పిల్లవాడు జవాబు చెబుతాడా? చెప్పేలా చెయ్యడమే ఈ పద్ధతిలో మెటాకాగ్నిషన్‌తో సమానమైన పాఠం.

మనం మన హాస్టళ్లను కూడా చూసుకోవాలి. స్టడీ అవర్ అంటే వందమంది ఒకేసారి గొంతెత్తి చదవడం అనుకుంటున్నాం. ఆ గంటలో పదిహేను నిమిషాలు, ఇవాళ నాకు అర్థం కానిది ఏమిటో ఒక చిట్టీ మీద పేరు లేకుండా, తెలుగులో రాసి డబ్బాలో వెయ్యమనండి. మర్నాడు టీచరు ఆ చిట్టీలతోనే క్లాసు మొదలుపెట్టాలి. టీచరు తనకు రాని ఇంగ్లీషు మాట వచ్చినప్పుడు, నాకూ ఎర్క లేదు, డిక్షనరీ చూద్దాం అని అందరి ముందూ అనాలి. పరిశోధకులు కులాన్ని గడిలో రాసి వదిలెయ్యకుండా, ఆ తరగతిలో ఎవరు ప్రశ్న అడిగారు, ఎవరు అడిగితే ఏం జవాబు వచ్చింది అని కూర్చుని రాసుకోవాలి. ఇవి పెద్ద విప్లవాలు కావు. కానీ ఇవి జరగకుండా స్ట్రాటజీల శిక్షణ అంటే, కాళ్లు కట్టేసి నడక నేర్పడమే.

ముక్తాబాయి ప్రశ్న

1855లో మరాఠీ పత్రిక ‘జ్ఞానోదయ’లో ఒక బాలిక రాసిన వ్యాసం అచ్చయింది. పేరు ముక్తాబాయి. మాంగ్ కులం. పూణేలో ఫూలే దంపతుల బడిలో చదువుకుంది. మాంగులు, మహార్ల దుఃఖం గురించి ఆమె రాసింది. ధర్మం పేరుతో తన వాళ్లను చదువుకు ఎందుకు దూరం పెట్టారని నిలదీసింది. ఆ బాలికకు తనకు తెలియనిది ఏమిటో తెలుసు. దానికి మించి, అది తనకు తెలియకుండా చేసినవాళ్లు ఎవరో కూడా తెలుసు.

ఫ్లావెల్ చెప్పిన ఎరుకలో మొదటిదే ఉంది. ప్రశ్నావళి పట్టుకెళ్లే మన పరిశోధన మొదటిదాన్ని కూడా సగమే కొలుస్తుంది. దళిత పిల్లకు రెండూ కావాలి. మొదటిది లేకపోతే ఇంగ్లీషు రాదు, రెండోది లేకపోతే ఇంగ్లీషు రాకపోవడం తన తలరాత అనుకుంటుంది. నాకు స్కోరు 1 ఇచ్చిన ఆ పిల్ల నా ప్రశ్నకు జవాబు చెప్పే ముందు, టైమంటే ఏ టైమని నా ప్రశ్ననే ప్రశ్నించింది. ఆ రోజు ఆ గదిలో మెటాకాగ్నిషన్ ఎక్కువగా ఉన్నది ఆమె దగ్గరే. దాన్ని రాసుకోవడానికి నా ఫారంలో గడి లేదు. ఆ గడి గీయడం మన పని.